నాయుడు గారు పరుగెత్తని రోజు

మొన్న జనవరి వానలో తడిసి మెట్రో ఎక్కిన ఒకాయన నా పక్కన నిలబడ్డాడు. ఆయన కప్పుకున్న కంబళి నుంచి తడి ఉన్ని వాసన గుప్పుమంది. అంత జనంలోనూ ఊపిరి బిగబట్టాను. ఇరుకైన కొండదారి, దానికి అడ్డంగా నల్లటి ఎలుగుబంటి, దానికీ నాకూ మధ్య అప్పలనాయుడు గారి వీపు కళ్ళ ముందు మెదిలాయి. ఆ వీపు గుర్తొచ్చాకే ఊపిరి వదిలాను.

నాయుడు గారు దేశ రాజధానిలోని ఆర్.కె. పురంలో మా కింది క్వార్టర్లో కూతురి దగ్గర ఉండేవారు. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. ఉత్తరాదిలో ఎన్నేళ్ళు తిరిగినా యాస పోలేదు. హిందీ కూడా ఆ యాసలోనే మాట్లాడేవారు. ఎడమ చెవి నుంచి దవడ దాకా లోతైన మచ్చ ఉండేది. యుద్ధంలో తగిలిందని కాలనీ అంతా అనుకునేది. ఆయన అవుననేవారు కాదు, కాదనేవారూ కాదు. విజయవాడ నుంచి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన నేను ఎవరినీ ఎరగక, సెలవు రోజుల్లో గది దాటేదాన్ని కాదు. ఒక ఆదివారం ఆయనే తలుపు తట్టి, కాస్త నడిచొద్దాం రమ్మన్నారు. అలా మొదలైన నడకలు రెండేళ్ళకు ఉత్తరాఖండ్ కొండల దాకా సాగాయి.

ఆ అక్టోబరులో అక్కడ ముందురోజంతా వాన పడింది. మాతో నడకకు వచ్చిన మిగతావాళ్ళు వెనకబడ్డారు. మేమిద్దరం మలుపు తిరిగేసరికి ఇరవై అడుగుల దూరంలో ఎలుగుబంటి, దాని వెనక పిల్ల. తడిసిన బొచ్చు వాసన నా దాకా వచ్చింది. అప్పటికే నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. ఆయన అటే చూస్తూ నా మణికట్టు పట్టుకున్నారు.

"పరుగెట్టకమ్మా. నా ఎనకాలే ఉండు."

అది రెండు కాళ్ళమీద లేచి బుసకొట్టింది. ఆయన అరవలేదు, చేతికర్ర ఎత్తలేదు. ఇంటి పెద్దావిడతో మాట్లాడినట్టు నెమ్మదిగా, "ఎలిపోతన్నాం తల్లీ, నీ పిల్లనేటీ సెయ్యం" అంటూ ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. అది ఉన్నట్టుండి మా మీదికి ఉరికి, సగం దూరంలో ఆగి నేలను చరిచింది. ఆయన కదలలేదు. నేను ఆయన చొక్కా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పిల్ల లోయలోకి దిగుతోంది, తల్లి దాని వెంట పోతోంది. కొమ్మలు విరిగే చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఇద్దరం తడి రాళ్ళమీదే కూలబడ్డాం. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన నాకు నీళ్ళ సీసా అందించారు. అప్పుడు చెప్పారు మచ్చ సంగతి. పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరి జీడితోటలో ఎలుగు ఆయన మీద పడింది. స్నేహితుడు కూర్మయ్య కర్రతో కొట్టి దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఈయన లేచి పారిపోయారు. కూర్మయ్య బతికాడు గానీ ఒక కన్ను పోయింది. ఆ తరువాత నాయుడు గారు సైన్యంలో చేరారు. సెలవులకు ఊరెళ్ళినా కూర్మయ్య ఇంటి వీధిలోకి వెళ్ళలేదు.

కింద టీ కొట్టు దగ్గర ఫోనుకు సిగ్నల్ అందింది. కూర్మయ్య నంబరు ఆయన దగ్గర ఎప్పటినుంచో ఉందట. ఫోను నా చేతికిచ్చి నన్నే నొక్కమన్నారు. స్పీకర్లో అటునుంచి ముసలి గొంతు పలికింది.

"ఒరే కూర్మీ, నాను అప్పలనాయుణ్ణి. ఇయాల ఎలుగు ఎదురైందిరా. పరుగెట్టనేదు."

కూర్మయ్య నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు పరుగెట్టినందుకు కాదురా నాకు కష్టం. మళ్ళీ రానందుకు."

ఆ నెలలోనే నాయుడు గారు ఊరెళ్ళారు. రెండు వారాలన్నవారు అక్కడే ఉండిపోయారు. నాయుడు గారు పోయేదాకా ఇద్దరూ ఒకే అరుగుమీద కాఫీ తాగేవారని ఆయన కూతురు చెప్పింది.

ఆయన దగ్గర నేను ధైర్యం నేర్చుకున్నానని చెప్పలేను. నిరుడు ఆఫీసులో నా తప్పు సహోద్యోగి సునీత మీద పడితే రెండు రోజులు నోరు మెదపలేదు. మూడో రోజు అధికారికి నిజం చెప్పి, ఆమె బల్ల దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. నిజం చెప్పడానికి ఆలస్యంగా వచ్చానని నేనే ముందు ఒప్పుకున్నాను. ఆమె తలెత్తకుండా కొంతసేపు కాగితాలు సర్దింది. తరువాత పక్కనున్న కుర్చీని కాలితో నావైపు జరిపింది.