బొంత ముక్కలకు ఇస్త్రీపెట్టె

సుంకమ్మకు చూపు పోతాండాదని ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరికీ తెలీదు. ఎదురుగా నిలబడింది మనిషని తెలుస్తాది, ఎవరని తెలీదు. గొంతు వినేదాకా ఊరికే నవ్వుతా నిలబడి, వినినాక పేరు పెట్టి పలకరించేది. ముసలిది గడుసుది. కాకపోతే పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు, ఈ గుట్టు ఎన్నాళ్లు దాగుతాదని ఆమెకే దిగులు.

దాచడమెందుకంటారా? కోడలు గంగాదేవికి నెలలు నిండతాండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరిగింది, ఆ బిడ్డ దక్కలేదు. ఈసారి కాన్పు ఈడనే. పుట్టేదాన్ని చాపిన కాళ్ల మీద పండేసుకొని, నూనె రుద్ది, నీళ్లు పోయాలని సుంకమ్మ ప్రాణం కొట్టుకుంటాండాది. కొడుకు నాగప్పకు తనే పోసుకుంది, వీధిలో ఎంతమందికి పోసిందో లెక్కే లేదు. కానీ మసిలిన నీళ్ల పక్కన, కండ్లు కనపడని ముసలిదాని చేతికి బిడ్డనెవరిస్తారు?

అందుకే, కండ్లు బాగుండాయని అందరినీ నమ్మించేదానికి, బొంత పనికి ముందే పూనుకుంది. యుద్ధం రోజులవి. నూలు దొరక్క నాగప్ప మగ్గం మూలబడింది, కొత్త గుడ్డ ఊసే లేదు. పాత కోకల ముక్కలతో బిడ్డకు బొంత కుట్టాల, నాయనమ్మే కుట్టాల. రంగులతో ఆమెకు చిక్కు లేదు. మగ్గం ఇంట్లో పుట్టి మగ్గం ఇంట్లో మెట్టిన మనిషి. ఎర్రది వేళ్లకు గరుగ్గా తగులుతాది, పసుపుది మెత్తన, నీలిది నున్నన. చిక్కంతా అంచులతోనే. మడిచి గోటితో గీరితే, నలిగి నలిగి మెత్తబడిన ఆ గుడ్డ నిలవకుండా విచ్చుకుంటాది. మడత నిలిస్తే దాని ఎంబడి వేలు పోతాది, వేలెంబడి సూది పోతాది.

ఇస్త్రీపెట్టె కావాలని పక్కింటి సుబ్బక్కను తోడు తీసుకొని మైదుకూరు సంతకు పోయింది. పాత ఇనుము అమ్మే మౌలాలి సాయిబు మొదట చాకలోళ్లు వాడే పెద్ద బొగ్గుల పెట్టె పెట్టినాడు. సుంకమ్మ దాని పక్కన ఉండే బొక్కలు తడిమి వద్దనింది. నిప్పురవ్వ ఎగిరి గుడ్డ మీద పడితే, కాలిన వాసన వచ్చేదాకా తనకు తెలీదు. ఆ మాట బయటికి చెప్తాదా? "బరువప్పా" అనింది. ఇత్తడిది ఇస్తే, దానికీ బొక్కలే, అదీ వద్దనింది. అడుగున దొరికింది ఒక చిన్నది. లోపల బొగ్గుల్లేవు, నిండు ఇనుము, పొయ్యి మీద పెట్టి కాచుకోవాల. పిడి పిడికిట్లో కుదురుకుంది. ముక్కు సన్నగా ఉండాది, చిన్న ముక్క మూలల్లోకి కూడా పోతాది.

"ఇదే ఇయ్యప్పా."

"అదెందుకవ్వా, అడుగంతా తుప్పే కదా, కనపడలేదా?" అన్యాడు మౌలాలి.

సుంకమ్మ గబుక్కున పెట్టెను ఒడిలోకి లాక్కుంది. "కనపడక నాకేం రోగం? తుప్పు రుద్దితే పోతాది" అని కసిరింది. సుబ్బక్క ఆమె మొగం వైపు ఒకసారి చూసింది.

ఇంటికొచ్చి ఇసుకతో, చింతపండుతో తోమి తోమి నున్నగా చేసింది. మరుసనాడు గంగాదేవి చేనికి పోయిన పొద్దున, మడత గట్టిగా నిలవాలని ముక్కలన్నిటికీ గంజినీళ్లు చల్లి, ఇనుము కాచి ఒత్తింది. తడి వేలు తగిలిస్తే చుయ్యిమనేది, ఆ చప్పుడుతోనే కాక తెలుసుకునేది. ఒక్కటీ మాడలేదు. అంచులు కత్తి మాదిరి నిలబడినాయి. ఆమె సంతోషం చూడాల, చిన్నపిల్ల అయిపోయింది.

కుట్టేదానికి కాళ్లు చాపుకొని కూచోని మొదటి ముక్క చేతికి తీసుకుంది. అప్పుడు తెలిసింది చేసిన పని. గంజి తాగి, ఇనుము కింద నలిగి, గరుకుదీ మెత్తదీ నున్నదీ అన్నీ ఒకటే అయిపోయినాయి. అప్పడాల కట్ట చేతిలో పెట్టినట్టుంది. వాసన చూసింది, అంతా గంజి వాసనే. ఆ ముక్కల మూటలోనే పోయిన మొగుడు గురప్ప పంచె ముక్కలు కూడా ఉండాయి, తన బొంతకని దాచుకున్నవి. చచ్చినోళ్ల గుడ్డ పసిబిడ్డకు తగలకూడదు.

అడక్కపోతే అమ్మైనా పెట్టదంటారు. వీధిలోకి పోయి సుబ్బక్కను ఒక్క మాట అడిగింటే సరిపోయేది. అడిగితే గుట్టు రట్టు. ఇస్త్రీకి ముందు పేర్చిన వరస గుర్తుండాదిలే అని తనకు తానే చెప్పుకొని, దేవునికి మొక్కుకొని కుట్టుకుంటా పోయింది.

గంగాదేవి వచ్చేసరికి నడిమి ముక్క కుట్టు పూర్తయింది. ఆయమ్మ నిలబడి చూసింది.

"అత్తా, నడిమధ్యన వేసింది ఏం రంగు?"

"ఎరుపే. బిడ్డకు నడిమధ్యన ఎరుపు కాక ఇంకేం వేస్తారే?"

"మామ పంచె అత్తా, అది."

సుంకమ్మ చేతిలో సూది ఆగిపోయింది. తిట్టుంటే బాగుండు. తిడితే తనూ నాలుగు మాటలు తిరిగి అనింటాది, మాటకు మాట పెరిగి అసలు సంగతి ఎట్లనో మరుగున పడిపోయేది. గంగాదేవి తిట్టలేదు. బరువుగా పక్కన కూలబడి, ఆ ముక్క కుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది. తెగే దారం చప్పుడు ముసలామెకు వినపడతానే ఉండాది.

"ఎప్పట్నుంచి అత్తా?"

"పోయిన వానలకాలం నుంచి," అనింది సుంకమ్మ. ఇంక అబద్ధమాడే ఓపిక లేదు. "చేతులు బాగుండాయి గంగా. చేతులకు అన్నీ తెలుస్తాయి."

గంగాదేవి ఆ చేతుల్ని పట్టుకుంది. పట్టుకొని ఏడ్చింది కూడా. ఒక బిడ్డను మట్టిలో పెట్టొచ్చిన తల్లి ఆయమ్మ. జాలి వేరు, భయం వేరు.

"బొంత నువ్వే కుట్టత్తా. ముక్కలు నేను ఏరి ఇస్తా," అనింది. ఆ చేతులు వదలకుండానే, "బిడ్డకు నీళ్లు మాత్రం మా అమ్మొచ్చి పోస్తాది" అనింది.

సుంకమ్మ చాపుకున్న కాళ్లు మెల్లగా ముడుచుకుంది.

"అట్లే కానీమ్మా," అనింది.