తొడ ఇంటికి, సంచి గడికి

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సెక్కాను. సెలవు రోజు ఆ వేళకు నేను కళ్లు తెరవడమే మా ఇంట్లో పెద్ద వార్త. దీనికంతటికీ కారణం మల్లేశ్ మామ. మా అమ్మమ్మ అక్క కొడుకు. ఆ అక్కనే నేను అవ్వ అంటాను. ముందురోజు ఫోన్ చేసి, "మీ అవ్వ శుక్రారం సంది అన్నం ముడతలేదు బిడ్డా. చల్ల ఒక్కటే తాగుతాంది. సంచి ఒండాల్నని మంకువట్టింది. నువ్వొచ్చి నీ ఫోన్ల కాలరీలు జూపి జర సమజ్ చెయ్యి" అన్నాడు.

సంచి అంటే భుజాన తగిలించుకునేది కాదు. గొర్రె కడుపును సున్నం నీళ్లతో గీకి గీకి కడిగి, అందులో సన్నగా తరిగిన గుండె, కార్జం, ఊపిరితిత్తులు, కొవ్వు, జొన్న నూక, ఉల్లిగడ్డ, కారం కూరి, మూతి కుట్టి ఉడికించే వంట. బోటి కూర ఎక్కడైనా దొరుకుతుంది. ఇలా కూరి కుట్టేది మాత్రం నేను ఆ ఒక్క ఇంట్లోనే చూశాను. ఏటా దసరా తర్వాత వచ్చే ఆదివారం వాళ్లు యాటను కోస్తారు, సంచి కూడా వండేవాళ్లు. అవ్వకు గుండెలో స్టెంటు వేసినప్పటి నుంచి మామ భార్య సుగుణత్త సంచి బంద్ చేసింది. అవ్వకు తొంభై దగ్గర పడుతున్నాయి.

ఇక నేను పనిచేసేది, జనం మింగిన ప్రతి ముద్దకూ లెక్క చెప్పే యాప్ తయారుచేసే కంపెనీలో. ప్లేటును ఫొటో తీస్తే చాలు, మంచి తిండికి పచ్చరంగు, చెడు తిండికి ఎర్రరంగు చూపిస్తుంది. మనుషులు డబ్బు కట్టి మరీ ఈ తిట్లు తింటారు. అందుకే మా బంధువుల్లో నాకు సగం డాక్టర్‌కు ఉన్నంత పేరుంది.

కండక్టర్ వచ్చి ఆధార్ అడిగాడు. మా ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ చూపిస్తే. ఫోన్‌లో చూపించాను.

"ఫోన్లది నడవది. అసలు కార్డు చూపియ్యి."

"దీంట్లో అదే నంబరు, అదే ఫొటో ఉంది కదా."

"నా మొకం గూడ ఉంటది గండ్ల. అయితే నన్ను ఫోన్ల కూసోమంటవా?"

చౌటుప్పల్ దాకా వాదించి, చివరికి టికెట్ కొన్నాను. పక్క సీటులో సద్దిమూట ఒళ్లో పెట్టుకున్న ఆమె, ఆధార్ కార్డును రవికెలోంచి తీసి నాకు చూపించి మళ్లీ లోపల పెట్టుకుంది. "గంత పెద్ద ఫోన్ పట్టే జాగల గింత కార్డు పట్టకపాయెనా బిడ్డా" అంది. నార్కట్‌పల్లి దాకా నేను ఆమెతో మాట్లాడలేదు. అక్కడ బస్సు ఆగినప్పుడు చాయ్ ఆమే ఇప్పించింది కాబట్టి మళ్లీ మాట్లాడాల్సి వచ్చింది.

తొమ్మిది దాటాక నల్గొండలో దిగాను. బస్టాండ్ ఎదురుగా నాలుగు ఇడ్లీలు తిన్నాను. యాప్ పచ్చరంగు చూపించింది, చట్నీలో ఈదుతున్న నూనెను అది చూడలేదు. అక్కడి నుంచి దేవరకొండ దారిలో ఇంకో బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. ఆటోలో ముగ్గురి జాగాలో ఏడుగురం, ఒక ఎరువు బస్తా. దారికి రెండు వైపులా పత్తి, మధ్యమధ్య నల్లటి గుట్టలు. ఊరి మొదట్లో పాత గడి, ఒకప్పటి దొరల కోటలాంటి ఇల్లు, కనిపించింది. నా చిన్నప్పుడు దాని గోడల మీద మేకలు తిరిగేవి. ఇప్పుడు కొత్త సున్నం, ఇనుప గేటు, గేటు పక్కన కెమెరా. దొర మనవడు పట్నం నుంచి వచ్చి రెండేళ్ల కిందట బాగు చేయించి, పట్నం అతిథులకు గదులు అద్దెకిస్తున్నాడు. ఆయనకు యాభై దాటాయి. ఊళ్లో అందరూ ఇంకా చిన్నదొర అనే అంటారు.

ఇంటికి చేరేసరికి పదకొండు. వాకిట్లో యాటను కోసి కండలు వేరు చేస్తున్నారు. లోపల అవ్వ మంచం మీద గోడకు ఆనుకొని, మూతి బిగించి కూర్చుంది. సుగుణత్త నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"దవాఖానల డాక్టర్ కొవ్వు ముట్టొద్దన్నడు. ఈమెనేమో సంచి కావాల్నంటది. రేపేమన్నయితే కోడలే సంపిందంటరు. నువ్వు చెప్పు, నా మాట ఇంటలేదు."

నేను అవ్వ పక్కన కూర్చొని, పెద్ద పని చేస్తున్నదానిలా ఫోన్ తీశాను. సంచి అని కొడితే యాప్ ఏమీ చూపలేదు. మన తిండ్లను దాంట్లోకి ఎక్కించేది మేమే, మేమెవరమూ దీన్ని ఎక్కించలేదు. పదార్థాలు ఒక్కొక్కటీ కొట్టాను. అప్పుడు ఒక పేరు వచ్చింది. హగ్గిస్. స్కాట్లాండ్ వాళ్ల సంప్రదాయ వంట. గట్టిగా చదివాను. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు, మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు, ఓట్లు, ఉల్లిగడ్డ, మిరియాలు. అన్నీ గొర్రె కడుపులో కూరి ఉడికించాలి. వంద గ్రాములకు కాలరీలు రెండొందల యాభై పైన. ఎర్రరంగు.

అవ్వ అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగింది.

"గీ దేశం ఏడున్నది?"

"ఇంగ్లండ్ పైన, అవ్వా. చలి దేశం."

"ఆడ గూడ దొరలుండెనా?"

"ఉండేవాళ్లు."

"ఉంటరు. లేకుంటే మంచి కండంత ఏడికి పోయినట్టు?"

యాప్‌లో కండ ఎటు పోయిందో ఉండదు.

సుగుణత్త తెరను చూపించి, "చూసినవా అత్తా, ఎర్రగొచ్చింది" అంది.

"రానీ. నేను తింటనని ఎవలన్నరు?"

"మరి సంచి ఒండున్రి అంటివి గదా?"

"ఒండుమన్న. తింటననలె. ఒండి గడికి పంపుమన్న. తొడ ఇంట్ల ఒండుమన్న. నీ మొగడు సగమే చెప్పిండు."

వాకిట్లో మామ తన చెప్పుల్ని చాలా శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

విషయం ఇదీ. పోయినేడు యాటను కోసినప్పుడు, మామ రెండు తొడలూ మూటగట్టి చిన్నదొరకు పంపాడు. అవ్వకు చెప్పలేదు. మొన్న శుక్రవారం గడి పనిమనిషి ఇంటి ముందరి దుకాణంలో, "ఈసారి జర లేత యాటను చూడుమన్నడు సారు" అని మామకు చెప్తుంటే అవ్వ చెవిన పడింది.

"తొడ పంపితే ఏమవుతుంది అవ్వా?" అన్నాను. నిజంగానే తెలియక అడిగాను.

ఆమె కాళ్లు కిందికి దించింది. "మా నాయినకు గొర్లుండె. యాట కోస్తే తొడ, జబ్బ గడికే. పైసలడిగేది లేదు, కాదనేది లేదు. బోటి, పొట్ట మాకు. గందుకే మా అమ్మ సంచి నేర్సింది. ఎన్క ఎర్రజెండా వట్టుకొని సంగపోళ్లొచ్చిన్రు. దొర పట్నం ఉరికిండు. గడికి తాళం వడ్డది. ఊరంత యాటలు కోసుకున్నరు, మా నాయిన గూడ కోసిండు. మా అమ్మ ఏం జేసిందో ఎర్కనా? తొడ, జబ్బ మోదుగాకులల్ల కట్టి, నెత్తిన వెట్టుకొని పొయ్యి, గడి అరుగు మీద పెట్టొచ్చింది."

"తాళం చూడలేదా?"

"చూసింది. తాళం చూసుకుంటనే పెట్టింది. దొర లేడు గదా అని తోచనేలేదు. చేతులు అలవాటయినయ్."

"తర్వాత?"

"కుక్కలు తిన్నయ్. మేం సంచి తిన్నం. ఊరంత నవ్విన్రు. మా అమ్మ గూడ నవ్వింది గని, లోపల్లోపల ఏడ్సింది. ఎన్క మిల్ట్రీ వచ్చింది, రజాకార్లు పాయె. మంచిగయింది అనుకున్నం. మిల్ట్రీ ఎన్కంగనే దొర దిగిండు, తెల్ల టోపీ వెట్టుకొని. వచ్చుడు వచ్చుడే అడిగిండు, ఇన్ని దినాల తొడలేవి అని."

వాకిట్లోంచి మామ గడప దాకా వచ్చాడు.

"మా అమ్మ అన్నది, ఒకటి నీ అరుగు మీదనే పెట్టిన దొరా, కుక్కలనడుగుమని. గా మాటకు మా నాయిన ఈపు వలిగింది." అవ్వ మామ వైపు చెయ్యి చాపింది. "మా అమ్మ అంటే ఎర్కలేక పెట్టింది. వీడు చదువుకొని పెడుతుండు."

మామ లోపలికొచ్చాడు. "ఎలక్షన్లొస్తున్నయ్ అవ్వా. చిన్నదొర చెప్పకుంటే పార్టీ నన్ను సర్పంచ్‌కు నిలవెట్టది. ఒక్క తొడకు ఊరి పెద్దరికం పోగొట్టుకుంటమా?"

నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో మా ఆఫీసులో అడిగితే చెప్తారు. నేను లేచి, "తొడ ఇచ్చి తెచ్చుకునే పెద్దరికం ఎన్ని రోజులుంటుంది మామా, అది అరిగేదాకానా?" అన్నాను.

"నీకేం తెలుసు పట్నం పిల్లకు. నిన్ను కాలరీలు చెప్పనీకి పిలిచిన."

"సరే, కాలరీలే చెప్తాను."

యాప్‌లో కొవ్వు తీసిన గొర్రె తొడ మాంసం కొట్టాను. కాలరీలు సంచివాటిలో సగానికి కాస్త ఎక్కువ. పచ్చరంగు. ఫోన్ మామకు కాదు, సుగుణత్తకు చూపించాను. "అత్తా, సంచి ఎర్ర, తొడ పచ్చ. అవ్వ గుండెకు ఏది మంచిదో నువ్వే చెప్పు."

సుగుణత్తకు గడితో పగ లేదు, పార్టీతో ప్రేమ లేదు. ఆమెకు తెలిసింది డాక్టర్ మాట ఒక్కటే. రెండు రంగులూ మార్చి మార్చి చూసి, "గీ ఎర్రది నా ఇంట్ల వద్దు. పొయ్యేదేదో గడికే పోనీ. తొడ తేండ్రి, నూనె తక్కువేసి ఒండుత" అని పొయ్యి దగ్గరికి వెళ్లింది. తన పిలుపు మీదే వచ్చిన నన్ను మామ చూసిన చూపు, యాప్ భాషలో చెప్పాలంటే, ముదురు ఎరుపు.

సంచి కుట్టింది అవ్వే. వాకిట్లో కట్టెల పొయ్యి మీద ఉడుకుతుంటే మధ్యమధ్య సూదితో పొడిచింది, పగలకుండా. రెండున్నరకు దాన్ని స్టీలు టిఫిన్‌లో పెట్టి మామ బండి వెనక కూర్చున్నాను. దారంతా చిన్నదొర ముందు చెప్పాల్సిన మాటలు నాలుగు రకాలుగా సిద్ధం చేసుకున్నాను.

గడి అరుగు మీద చిన్నదొర టీషర్టులో కూర్చొని కుక్కను దువ్వుతున్నాడు. మామ గేటు దగ్గరే చెప్పులు విడిచాడు. నేను విడవలేదు. టిఫిన్ మూత తీసి బల్ల మీద పెట్టి, ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పాను. "ఈసారి తొడ లేదు. మా అవ్వ ఇది పంపింది. గుండె, కార్జం, ఊపిరితిత్తులు, కొవ్వు, జొన్న నూక. గొర్రె కడుపులో కూరింది."

ఆయన కుక్కను వదిలేసి వంగి చూశాడు. వాసన చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇది హగ్గిస్ కదా" అన్నాడు. "ఎడిన్‌బరోలో చదువుకునేటప్పుడు ఎంత తిన్నానో. మన ఊళ్లో ఎవరికొచ్చు ఇది?"

నేను సిద్ధం చేసుకున్న నాలుగు రకాల మాటల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆయన ఫొటోలు తీశాడు, కత్తి తెప్పించి మధ్యలో కోశాడు, పొగలు వస్తుంటే మళ్లీ ఫొటోలు తీశాడు. తర్వాత తిన్నాడు. చెంచాతో కాదు, చేత్తో. "మల్లేశూ, ఇంత మంచిది పెట్టుకొని నాకు తొడ పంపిస్తావేంటయ్యా. తొడ ఎక్కడైనా దొరుకుతుంది. ఏటా ఇదే పంపు."

"సరే దొరా" అన్నాడు మామ. ఆయనకు పోయిన ప్రాణం చెప్పుల దగ్గరే దొరికింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ ముందు కంచంలో జొన్నరొట్టె, తొడకూర. ముట్టకుండా కూర్చుంది.

"తిన్నడా?"

"తిన్నాడు. మస్తుగుందన్నాడు. ఏటా పంపమన్నాడు." సిగ్గుతో చెప్పాను. నేను యుద్ధానికి వెళ్లి, శత్రువుకు విందు చేసి వచ్చాను.

అవ్వ కంచంలో చెయ్యి పెట్టింది. ముక్కను రొట్టెలో మడిచి, ఉన్న నాలుగు పళ్ల మధ్య ఓపికగా నమిలి మింగింది.

"గట్టిగున్నది" అంది. "సంచే మెత్తగుంటది." అని ఇంకో ముక్క తీసుకుంది.

నాలుగున్నరకు నల్గొండ వైపు ఆటో ఎక్కాను. సుగుణత్త నాకు కట్టిచ్చిన డబ్బాలో తొడకూర ఉంది. నల్గొండలో ఎక్స్‌ప్రెస్ దొరికింది. మళ్లీ టికెట్ కొన్నాను, ఈసారి వాదించకుండా. బస్సు చిట్యాల దాటుతుండగా మామ ఒక ఫొటో పంపాడు. చిన్నదొర పోస్టు. కోసిన సంచి, పక్కన నిమ్మకాయ ముక్కలు, వెనక గడి దర్వాజ. కింద రాసుకున్నాడు, మా గడి వంటింట్లో తరతరాలుగా వస్తున్న వంటకం, ఈ శీతాకాలం నుంచి మా అతిథులకు. అప్పటికే వందల మంది మెచ్చుకున్నారు. మా మామ కూడా ఒక దండం బొమ్మ పెట్టాడు.

గడి వంటింట్లో వండింది తొడలు. తరతరాలుగా. ఇదంతా రాసి, తిట్లు చేర్చి, పంపబోయే ముందు అవ్వకు ఫోన్ చేశాను. పోస్టు చదివి వినిపించాను. పక్క సీటాయన నా గొంతుకు నిద్రలేచి కిటికీ వైపు జరిగాడు.

అవతలి నుంచి నమిలే చప్పుడు. మధ్యాహ్నం కూర మళ్లీ వేసుకున్నట్టుంది.

"పేరు ఆయన్నే పెట్టుకోమను బిడ్డా" అంది అవ్వ. "తొడ మనింట్ల ఉన్నది గదా."

ఫోన్ సంచిలో పడేశాను. భుజానికి తగిలించుకునే సంచిలో. డబ్బా తెరిచి, యాప్‌ను అడగకుండా, ఎల్బీనగర్ వచ్చేలోపు మొత్తం తినేశాను. ఆ ఊరు వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్క మాట. శీతాకాలంలో గడిలో గది దొరకవచ్చు, వంటకం కూడా దొరుకుతుంది. కానీ దసరా తర్వాతి ఆదివారం వెళ్తే, గేటు దాటి ఊరి రెండో కొస దాకా నడవండి. కట్టెల పొయ్యి ఉన్న వాకిలి. అసలు కార్డు మాత్రం మరవకండి.