గజం గడ్డి

నిన్న జంతికలకని బియ్యప్పిండి జల్లిస్తుంటే చెయ్యి జారి కాస్త పెరటి గుమ్మం దగ్గర ఒలికింది. గుడ్డ తెచ్చేలోపలే చీమలు బారులు కట్టాయి. తుడవబుద్ధి కాలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని, గుమ్మంలో చతికిలబడి వాటినే చూస్తూ ఉండిపోయాను. మా అమ్మాయి వచ్చి "మమ్, ఆర్ యూ ఆల్‌రైట్?" అంది. బానే ఉన్నానే అన్నాను. నిజానికి బాగా లేను. పిండికి చీమలు పడితే నాకు మా తోటికోడలు గుర్తొస్తుంది.

వైటూకే కంప్యూటర్ల హడావుడిలో మా మరిది ఉద్యోగం మీద లండన్ పక్కన మేముండే స్లౌ వచ్చాడు, వెనకాలే తనూ వచ్చింది. అద్దెలు భరించలేక రెండు కాపురాలూ ఒకే ఇంట్లో పెట్టాం. తోటికోడళ్ళు ఒక వంటింట్లో ఇమడరని మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్లో జోస్యం చెప్పింది గానీ, మేం ఇమిడాం. నేను ఓ పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్లో కూర్చునేదాన్ని. తను ఇంట్లో ఉండేది. చదివింది బోటనీ. మొదలుపెట్టిన ఎమ్మెస్సీ పెళ్ళితో ఆగింది, తర్వాత చేరిన బీఎడ్ వీసాతో ఆగింది. ఓ రోజు, రెడింగ్ ఊరు దాటాక చిన్న రైలు మారి వెళ్ళాల్సిన ఒక చిన్న కాలేజీలో చేరతానంది. పిల్లలకి ప్రకృతి గురించి పాఠం ఎలా చెప్పాలో నేర్పే కోర్సట. పాత బంగళా, గుప్పెడు మంది విద్యార్థులు, పొద్దున కవిత్వం, మధ్యాహ్నం పేడపురుగులు. "దీనివల్ల ఉద్యోగం వస్తుందా అమ్మా?" అని మా ఆయన అడిగితే "రాదు బావగారూ" అంది నిశ్చింతగా.

ఆ కాలేజీ వెనక గడ్డి మైదానం ఉంది. చేరిన రోజునే ఒక్కొక్కరికీ అందులో గజం నేల ఇస్తారు. కోర్సు అయ్యేదాకా వారానికోసారి దాని పక్కన కూర్చుని చూడాలి. పీకకూడదు, నాటకూడదు, చూడాలంతే. మిగతావాళ్ళు మేకులు కొట్టి తాడు కట్టుకున్నారు. మా మహాతల్లి హార్లిక్స్ సీసాలో బియ్యప్పిండి పట్టుకెళ్ళి తన గజం చుట్టూ ముగ్గు పెట్టింది. మధ్యాహ్నానికల్లా మైదానంలోని చీమలన్నీ అక్కడే. రబ్బరు బూట్ల టీచరమ్మ వంగి చూసి, నువ్వు చూడ్డానికి వచ్చావా, భోజనం పెట్టడానికి వచ్చావా అని అడిగిందట. "మా ఊళ్ళో రెండూ ఒకటేనండీ అన్నానక్కా" అని చపాతీలు వత్తుతూ నాకు చెప్పి, పడీపడీ నవ్వింది. పిండంటిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

చివరి పరీక్షకి కాగితం లేదు, కలం లేదు. కాలేజీతో సంబంధం లేని మనిషినొకరిని తీసుకొచ్చి తన గజం దగ్గర కూర్చోబెట్టి, అరగంట మాట్లాడకుండా చూడడం నేర్పాలి. తర్వాత ఆ మనిషిని టీచరమ్మ ఏం చూశావని అడుగుతుంది. ఆ జవాబును బట్టే మార్కులు. తను నన్ను ఎంచుకుంది. "నీకు నేర్పగలిగితే గోడక్కూడా నేర్పగలనక్కా" అంది. జూన్ నెల, ఎండ బాగానే కాస్తోంది. మేమిద్దరం కలిసి అరగంట నోరు మూసుకోవడం అదే మొదలు. ముందు విసుగు, తర్వాత కాళ్ళ తిమ్మిరి. ఆ తర్వాత మెల్లగా గడ్డిపోచలు దేనికది విడిగా కనబడ్డం మొదలైంది. ఓ పచ్చ పురుగు పోచ ఎక్కుతోంది, జారుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. దాన్ని చూపించడానికి తను చెయ్యెత్తింది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. ఉగాదికి ఆ గాజుల్ని సబ్బు రాసి, తిట్టుకుంటూ ఎక్కించింది నేనే. అప్పుడు చూశాను తనని. అంత ఎండలో స్వెటర్. గొంతు కింద తేలిన ఎముకలు. రోజూ ఒకే సింకు దగ్గర గిన్నెలు తోముకునేవాళ్ళం, ఆ ముఖం రోజూ కనబడేదే కదా అని ఇంట్లో ఎవరమూ చూడలేదు.

టీచరమ్మ వచ్చి అడిగితే "పచ్చ పురుగు" అన్నాను. అది ఎలా జారి ఎలా ఎక్కిందో కూడా చెప్పాను. ఆవిడ తలూపింది. తోటికోడలి ముఖం వెలిగిపోయింది. తిరుగు రైల్లో తన మణికట్టు పట్టుకుని "ఏందే ఇది?" అన్నాను. తను కిటికీ వైపు తిరిగింది. "తెలుసక్కా. అన్నం దిగట్లా, కొన్నాళ్ళ నుంచి. జీపీ డాక్టరు దగ్గరికి పోతే ఆస్పత్రంటారు, ఆ టెస్టూ ఈ టెస్టూ అంటారు, ఇదీ ఆగిపోద్ది. మొదలెట్టింది ఒక్కటైనా పూర్తి చేద్దామని..." అంది. మర్నాడే జీపీ దగ్గరికి లాక్కెళ్ళాను. అక్కణ్ణుంచి ఆస్పత్రికి పంపారు. అక్కడి పెద్ద డాక్టరు నోరు విప్పే ముందు తన కుర్చీని మా దగ్గరికి జరుపుకున్నాడు. ఆ జరుపుకోవడంతోనే చెయ్యి దాటిపోయిందని నాకు తెలిసిపోయింది. ఆకులు రాలకముందే తను చనిపోయింది. నాకంటే చిన్నది. నా చేతులతో జడ వేసి పంపించాను. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నందుకు తన మీద నాకిప్పటికీ కోపమే.

కర్మకాండలు అయ్యాక టీచరమ్మ మా ఇంటికొచ్చింది, తను పాసయిందని చెప్పడానికి. టీ ఇచ్చాను. అప్పుడు చెప్పాను, ఆ రోజు నేను చూసింది పురుగుని కాదండీ, గాజుల్ని అని. గాజుల సంగతంతా చెప్పాను. "అయితే ఆ అమ్మాయి నీకు నేర్పింది" అంది ఆవిడ. కప్పు వంగి టీ ఒళ్ళో ఒలికినా తుడుచుకోలేదు.

మరిది బెంగుళూరు వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి ఆ కాలేజీ కూడా నడపలేక మూసేశారు. మైదానంలో ఇప్పుడు ఫ్లాట్లు ఉన్నాయట, నేను చూడలేదు, చూడను. నిన్న చీమలు ఆఖరి పిండి నలుసు మోసుకుపోయేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. తను పాఠం బాగానే చెప్పింది. ఉగాదినాడు గాజులు వేసేనాటికే ఆ చూడ్డం నాకొచ్చి ఉంటే ఎంత బాగుండేది. ఉగాదికీ జూన్‌కీ మధ్య ఉన్నవి రెండు నెలలే. ఆ తర్వాత ఇన్నేళ్ళు గడిచాయి గానీ, ఆ రెండు నెలలే నాకింకా గడవలేదు.