మసిగాజు మీద టైటిల్

1946 వేసవిలో, నరసరావుపేటలో డేరా వేసిన ఒక టూరింగ్ టాకీసులో స్లైడ్ ఆర్టిస్టుగా చేరాను. అంతకుముందు మద్రాసులో సినిమా టైటిల్ కార్డులు రాసేవాడిని. స్లైడంటే అరచేతిలో పట్టే గాజుపలక. దానికి దీపపు మసి పట్టించి గ్రామఫోను సూదితో గీకితే, గీకినంత మేర వెలుతురు గాజు దాటి వెళ్ళి తెర మీద అక్షరమవుతుంది.

ఆ వారం వచ్చిన ప్రింటులో టైటిల్స్ ఉన్న ముక్క అరిగి తెగిపోయింది. వాటి బదులు స్లైడ్లు గీయడం నా పని. పేర్లన్నీ అచ్చేసిన పాటల పుస్తకం చూసి సినిమా పేరుకొకటి, పనిచేసినవాళ్ళ పేర్లకు కొన్ని గీశాను. ఓనరు కోటయ్యగారు పేర్ల స్లైడ్లు పక్కన పడేశారు.

"ఈళ్ళెవరో మనకెందుకు మస్తానూ? బొమ్మ పేరెయ్యి, కింద నా పేరెయ్యి, చాలు" అన్నారు.

ఆయన వేసింది డేరా, సినిమా తీసింది ఆయన కాదు. ఆ మాట మొహం మీదే చెప్పాను. చెప్పినట్టు గీయకపోతే మూట సర్దుకోమన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కెమెరా, శబ్దం, కూర్పు పనివాళ్ళు తెర మీద ఆ ఒక్క కార్డు కోసం ఎంత ఆశగా చూస్తారో మద్రాసులో చూసినవాణ్ణి. కొత్త గాజు తీసుకున్నాను. సినిమా పేరు పలక నిండా వచ్చేట్టు కొలత చూసుకుని, ఆ పెద్ద అక్షరాల వంపుల వెంట పనిచేసినవాళ్ళ పేర్లను సన్నగా, వరసగా గీశాను. పెద్ద అక్షరాలకు విడిగా గీతంటూ లేదు. పేర్లు తుడిస్తే సినిమా పేరే ఉండదు. కోటయ్యగారి పేరు గీయలేదు. ఆట మొదలయ్యే వేళకు స్లైడు ఆపరేటరు చేతికిచ్చాను.

చదువొచ్చినవాళ్ళు తెర మీది అక్షరాలను నేల టిక్కెట్టు వాళ్ళకు పైకి చదివి వినిపించడం మా డేరాలో రివాజు. ఆ రోజు దర్జీ సుభానీ లేచి సినిమా పేరు చదివి, దాని లోపలి పేర్లు మొదలుపెట్టాడు. కోటయ్యగారు పరిగెత్తుకెళ్ళి స్లైడు తీయించారు.

"ఏందయ్యా తీసేశారు? ఇంకా చానామంది ఉండారు, చదవనీయండి" అని నేల మీద నుంచి ఒక పెద్దావిడ గట్టిగా అడిగింది. ఆమె వెనక అందరూ అందుకున్నారు. స్లైడు మళ్ళీ పెట్టక తప్పలేదు. సుభానీ ఆఖరి పేరు దాకా తీరిగ్గా చదివాడు.

మర్నాడు నన్ను పనిలోంచి తీసేశారు. నేనూ బతిమాలలేదు. మళ్ళీ మద్రాసు వెళ్ళి, రిటైరయ్యేదాకా టైటిల్స్ వేస్తూనే ఉన్నాను. పేర్లు తగ్గించమని నిర్మాత అడిగినప్పుడల్లా ఇదే పద్ధతి పట్టాను. వేరే కార్డు మీద రాసిన పేరును ఎవరైనా తీసేయగలరు. టైటిల్ గీత పేర్లతోనే కట్టి ఉంటే, తీసేవాడు తన సినిమా పేరు కూడా పోగొట్టుకోవాలి.