శ్రీమతికీ శ్రీకీ మధ్య గుర్తు

నేను సూర్యాపేటలో డీటీపీ ఆపరేటర్‌గా చేరిన కొత్తలో, పిలవాల్సిన వాళ్ల పేర్లను పెళ్లికార్డుల మీద చేత్తోనే రాసుకునేవారు. తుంగతుర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి తండ్రి దానికి ఒప్పుకోలేదు. వియ్యాలవారిది కోదాడ. ప్రతిదానికీ వంక పెడతారని ఆయన భయం. వాళ్ల తరఫు చుట్టాలకిచ్చే కార్డుల మీద ఎవరి పేరు వారికి అచ్చులోనే పడాలన్నాడు. మర్నాడు పొద్దున్నే పిలుపులకు బయలుదేరాలి.

అలాంటి పనికి మా షాపు కంప్యూటర్లో మాక్రో అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. అది ఫైలులోని పేర్లను చదువుతూ ఒక్కోదాన్నీ కార్డులో పెడుతుంది. ఆ ఫైలు ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ రాత పద్ధతిలో రాయాలి. <పేరు> అని తెరిస్తే </పేరు> అని మూయాలి. లోపల తెరిచినదాన్ని మూశాకే బయటిదాన్ని మూయాలి. ఇదంతా నేను శాఖా గ్రంథాలయంలో చదివి నేర్చుకున్నదే. ఏ కోర్సుకూ వెళ్లలేదని ఇప్పటికీ గర్వంగానే చెప్తాను.

మాక్రో మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది. తెరిచినవన్నీ మూసే ఉన్నాయి. పెళ్లికాని ఒకాయన పేరు తెచ్చి ముందు పెడితే అది పడింది, తర్వాతి దంపతుల దగ్గర మళ్లీ ఆగింది. దంపతుల పేర్లలో అదనంగా ఉన్నది శ్రీమతికీ శ్రీకీ మధ్య పెట్టే & గుర్తు ఒక్కటే.

"అది తీసి మరియు అని పెట్టు, ఖతం," అన్నాడు ఓనరు.

పెళ్లికూతురి తండ్రి కుర్చీలోంచి లేచాడు. "శ్రీమతి మరియు శ్రీ అని ఎవలన్న కొట్టిస్తరా సేటూ? మా వియ్యపురాలు పెండ్లి అయ్యేదాంక గదే పాట పాడుతది."

"అయితే ఆమెనే పిలువు, మాక్రో గూడ నడుపుతది."

గ్రంథాలయం సాయంత్రం తెరుస్తారు. ఆ వేళకు నేను కుర్చీలోంచి లేచి బయలుదేరుతుంటే ఓనరు, "లైబ్రరీకి పోయి కంప్యూటర్ బాగుజేసేటోన్ని నిన్నే సూస్తున్న. జల్ది రా," అన్నాడు.

అక్కడి పుస్తకంలో నేను చదవడం ఆపిన పేజీ తర్వాతే ఆ సంగతి ఉంది. ఎక్స్ఎంఎల్‌లో & కనిపిస్తే అక్కడేదో సంకేతం మొదలవుతోందని అర్థం. ఆ గుర్తే కావాలంటే &amp; అని రాయాలి. కార్డు మీద మాత్రం గుర్తొక్కటే పడుతుంది.

తిరిగొచ్చి ఫైలంతా మార్చాను. ఈసారి మాక్రో ఆగలేదు. ప్రింటరులోంచి వస్తున్న కార్డులను ఆయన ఒక్కొక్కటే తీస్తూ, మిర్యాలగూడలో ఉండే వియ్యపురాలి అక్కాబావల కార్డు దొరికేదాకా వెతికాడు. దాన్ని గుమ్మం దగ్గరి లైటు వెలుతురులోకి తీసుకుపోయి పెదవులు కదుపుతూ చదివాడు.

"ఇగ ఏం వంక పెడతదో సూస్త," అన్నాడు. మిగతావి చూడకుండానే సంచిలో పెట్టుకున్నాడు.