పక్కబంటు, కొబ్బరి పొగ

మొన్న మలేషియాలో, మేం పెరిగిన బాగన్ దాతుక్ దారిలో కారు అద్దం దించగానే కొబ్బరి ఎండబెట్టే పొగ వాసన కొట్టింది. వెంటనే అరచేతులు చెమర్చాయి. పదేళ్ళ వయసునాటి అలవాటు.

అప్పట్లో, కొబ్బరి ఎండబెట్టే కొట్టాల పక్కనున్న మా బడి చెస్ జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికోసం నేనూ మా పెద్దమ్మ కొడుకు రవన్నా ఆడుతున్నాం. తెల్లపావులు నావి. కొబ్బరితోటలో గెలలు అంచు వరస నుంచి కోసుకొస్తారు. చెస్సూ అంతేనని తోటలో పనిచేసే మా తాత నేర్పాడు. అందుకే నడిమి బంట్లను వదిలేసి పక్కబంటును తోశాను.

"ఏటే, నడిమిన పనిలేదా?" అన్నాడు రవన్న.

"తోటపని లా," అన్నాను, అక్కడి అందరిలాగే మాట చివర మలయ్ 'లా' తగిలించి.

గంటలో నా పావులు పక్కనుంచి కోసుకుంటూ వచ్చి అతని రాజును మూలకు నెట్టాయి. మంత్రిని ఎత్తాను. కిటికీ బయట తాత తువ్వాలుతో మొహం కప్పేసుకున్నాడు. నేను తప్పు ఎత్తు వేస్తున్నాననే అలా చేశాడనుకున్నాను. కానీ ముట్టిన పావును కదపాల్సిందే. వేరే దారి తోచక, అనుకున్న గడిలోనే దించాను.

ఆట కట్టు.

బయటికి పరుగెత్తి, "ఏడ్సినావా తాతా?" అన్నాను.

"నానేడవడమేటి! కొబ్బరి పొగ లా, కళ్ళు మండినాయి."

నమ్మేశాను. అదే కిటికీ పక్కన గంటసేపు కూర్చున్న నా కళ్ళు మండలేదని మొన్న కారులో తట్టింది.

ఈసారి మాత్రం మండాయి. పొగే లెండి.