మళ్ల జామీన్

పిట్లం దాటి బస్సు బాన్సువాడ వైపు పోతోంది. ఒళ్లో పుస్తకం పేజీ తిప్పబోతే పక్కసీటతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగున్రి సారూ, నాకింక రెండు లైన్లున్నయి."

నవ్వొచ్చింది. ఆగాను. అతను పెదవులు కదుపుతూ చివరిదాకా చదివి, "ఇగ తిప్పున్రి" అన్నాడు.

పేరు సాయన్న. యాభై దగ్గర. బస్తాలు మోసే హమాలీ. చదువెక్కడ నేర్చావంటే, దాపరికం లేకుండా "జైల్ల" అన్నాడు. "వేలిముద్రేసి లోపలికి పోయిన. సంతకం వెట్టి బయటికొచ్చిన."

కోర్టు జామీన్ ఇస్తానంది. పూచీకి ఇద్దరు నిలబడాలంది. తమ్ముడు రాలేదు, బావ రాలేదు. నాలుగేళ్లు లోపలే ఉండిపోయాడు. అక్కడ కరీం అనే ముసలి ఖైదీ అక్షరాలు దిద్దించాడు. జైలు లైబ్రరీలో రెండు బీరువాలుంటే, ఒకటిన్నర చదివేశాడు. చివరికి కేసు కొట్టేశారు. విడుదలైన రోజు చేతిలో ఉన్న నవల అక్కడే ఇచ్చెయ్యాల్సి వచ్చింది. ఇంకా నలభై పేజీలు.

"అందరు సంబురంగ బయటికొస్తరు. నేను గా కథల పిల్ల బతికిందా సచ్చిందా అనుకుంట వచ్చిన."

ఊళ్లు తిరిగేవాణ్ణి, లైబ్రరీ బోర్డు కనబడితే ఆగకుండా ఉండలేను. సగం చోట్ల తాళమే పలకరిస్తుంది. తాళాల కోసమే కట్టిన చోట బీరువా తెరిచారంటే ముచ్చటేసింది. అదే అన్నాను. సాయన్న మూతి విరిచాడు.

"వినేతందుకు మంచిగనే ఉంటది. బాన్సువాడ లైబ్రరీల గా నవల దొరికింది. ఆడనే కూసోని చదువుకోమంటరు. పొద్దంతా బస్తాలు మోసేటోణ్ణి, ఎప్పుడు కూసోవాలె? ఇంటికియ్యాలంటే మెంబరు కావాలె. మెంబరుకేం గావాలె? మళ్ల జామీన్!"

జేబులోంచి మెంబరుషిప్ ఫారం తీసి చూపించాడు. అందులో ఆ మాట లేదు, 'పూచీదారు' అని అచ్చువేసి ఉంది. ఇక్కడి నోళ్లలో మాత్రం మనిషిని విడిపించినా, పుస్తకాన్ని విడిపించినా జామీనే.

"తమ్ముణ్ణి అడిగావా?"

"అడిగిన. పుస్తకం వట్టుకొని పారిపోతవా ఏంది అని నవ్విండు. సంతకం వెట్టలే. మీ ఇల్లు యాడ సారూ?"

"బాన్సువాడే. ఉండేదే తక్కువ."

"గంతే చాలు. గీడ సంతకం వెట్టున్రి."

పెన్ను మూత తీశాను. కాగితం మోకాలి మీద పరుచుకున్నాను. అప్పుడడిగాను, ఎందుకడిగానో.

"ఇంతకూ ఏం కేసు సాయన్నా?"

బస్సు బస్టాండులోకి తిరిగింది.

"కొట్టేసిన కేసని చెప్తి గద."

"అవుననుకో, ఊరికే..."

నా మోకాలి మీది ఫారం తీసుకుని, మడతలు సరిచేసి, జేబులో పెట్టుకున్నాడు. బస్సు పూర్తిగా ఆగకముందే దిగాడు. "సాయన్నా, ఇటియ్యి, పెడతా" అని కిటికీలోంచి కేకేశాను. వినబడే దూరమే. ఆటోల సందులోంచి నడిచి వెళ్లిపోయాడు.